రాబోవు మరపును ముందుగా నెరుగుట తగునా?

కురుక్షేత్ర సంగ్రామము ముగిసిన పిదప ధర్మరాజును వెంటబెట్టుకొని శ్రీకృష్ణ భగవానుడు శరతల్పముపై నున్న భీష్ముని సన్నిధికి వెళ్ళిన ఘట్టము మహాభారతమున శాంతిపర్వములో కలదు. సకల ధర్మముల నెరిగిన పితామహుడు ఈ రాజునకు ధర్మము బోధింపవలెనని స్వామి కోరగా, భీష్ముని నోట మొట్టమొదట వెలువడినది ఉపదేశము కాదు, మొర. బాణముల బాధచే మనస్సు కలతపడినదనియు, బుద్ధి తేటపడుట లేదనియు, మాట తడబడుచున్నదనియు, దిక్కులేవో ఆకాశమేదో భూమియేదో గుర్తుపట్టలేకున్నాననియు ఆ మహానుభావుడు విన్నవించుకొనెను. అంతట స్వామి ఆయనకు నొప్పియు మూర్ఛయు దాహమును లేకుండునట్లును, జ్ఞానమంతయు తిరిగి ప్రకాశించునట్లును వరమొసగెను. ఆ తరువాతనే రాజధర్మములు, మోక్షధర్మములు, చివరకు అనుశాసన పర్వమున శ్రీవిష్ణు సహస్రనామము వెలువడినవి. వైష్ణవ గృహములలో ఉదయ సాయంకాలములందు పఠింపబడు ఆ వేయి నామములు, తన బుద్ధి తనకు వశములో లేదని మొరపెట్టుకొనిన ఒక వృద్ధుని ముఖమున లోకమునకు లభించినవన్న సంగతి పారాయణ చేయువారిలో ఎందరికి తలపునకు వచ్చునో!

భీష్ముని మొర నేడు ప్రతి గ్రామమునందును వినవచ్చుచున్నది. రంగారెడ్డి జిల్లాలో ఇబ్రహీంపట్నము దాటి నాగార్జునసాగర్ మార్గమున పోవగా యాచారము వచ్చును. ఆ ప్రాంతమున డెబ్బది యేండ్ల గృహస్థు నొకనిని ఊహింతము. ఊర్ధ్వపుండ్రము దిద్దుకొనక బయటకు రాడు. ఏటేట యాదగిరిగుట్టకు పోయి మొక్కు చెల్లించును. శనివారమునాడు భజన మందిరములో సహస్రనామము తానే చెప్పించును. కొన్ని నెలలుగా నడుమ ఒక శ్లోకము జారిపోవుచున్నది. మోటారు కట్టివేసినదీ లేనిదీ రెండుమార్లు పోయి చూచుకొనుచున్నాడు. "యాదికి వస్తలేదు" అని ఆయన తలపట్టుకొన్నప్పుడు ఇంటిల్లిపాది నవ్విరి, ఆయన నవ్వలేదు. పట్నము పోయి పెద్ద వైద్యునకు చూపించుకొందమని కుమారుడు అనుచున్నాడు. చూపించుకొనుటకు తండ్రికి అభ్యంతరము లేదు. వైద్యుడు ఏమి చెప్పునో, చెప్పినదానిని విని ఏమి చేయవలెనో అన్నదే ఆయన సందేహము. రాబోవు మరపును ముందుగా తెలిసికొనుట మేలా? ఈ ప్రశ్న ఆయన ఒక్కనిది కాదు.

'యాది' అను మాటను గూర్చి ఒక్క ముచ్చట. తెలంగాణమున జ్ఞాపకమునకు వాడుకలో నున్న ఈ పదము పారసీకము నుండి ఉర్దూ ద్వారా తెలుగు పల్లెలకు వచ్చినది. యాదగిరి అను పేరు యాద మహర్షి తపస్సు వలన కలిగినదని స్థలపురాణము. దానికిని ఈ యాదికిని సంబంధము లేదు. అయినను స్వామిని యాది చేసికొనుచు గుట్టయెక్కు భక్తుని చెవికి ఆ రెండు మాటలు ఒక్కచోటనే వినబడును.

వృద్ధాప్యమున మరపు వచ్చుట వింత కాదు. ఇంతకుముందు దీనిని చాదస్తమని తోసివేసెడివారు. వేదము వల్లించు ఛాందసుని పేరునుండి పుట్టిన ఆ మాట, వల్లించినది మరచిన వానికి అంటుకొనుట తెలుగు భాషలోని ఒక చమత్కారము. అయితే మరపులన్నియు ఒక జాతివి కావు. ఎదురుపడిన మనిషి పేరు తట్టక సాయంకాలము తనంత తాను స్ఫురించుట వయోధర్మము. అడిగిన ప్రశ్ననే పావుగంటలో నాలుగుమార్లు అడుగుట, నిన్న ఇంట జరిగిన శుభకార్యము జరుగనేలేదనుట, నలుబది యేండ్లుగా నడచిన పొలముబాటలో నిలిచిపోయి ఎటు పోవలెనో తెలియక చూచుట వేరు. మెదడులో నిజముగా వ్యాధి ప్రవేశించినప్పుడు ఆ లోపము రోగికంటె ముందు ఇల్లాలికి తెలియును. అందుచేతనే వైద్యులు రోగి చెప్పుకొను బాధకంటె అతనితో కాపురము చేయువారు చెప్పు సంగతికి ఎక్కువ విలువనిత్తురు. తన మరపును గూర్చి తానే చింతపడి ఒంటరిగా వైద్యశాలకు వచ్చినవానికి పెద్ద ప్రమాదము లేకుండుటయే తరచు. ఎందుకు వచ్చెనో తెలియక కొడుకు చేయి పట్టుకొని వచ్చినవానిని గూర్చి వైద్యుడు జాగ్రత్తపడును.

ఈ వ్యాధి సమూహమును నేడు డిమెన్షియా అనుచున్నారు. అందు ప్రధానమైనది అల్జీమర్స్ వ్యాధి. 1901లో జర్మనీ దేశమున ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రికి వచ్చిన ఏబది యొక్క యేండ్ల స్త్రీని ఆలోయిస్ అల్జీమర్ అను వైద్యుడు పరిశీలించెను. ఆమె 1906లో మరణించిన పిదప మెదడును సూక్ష్మదర్శినితో చూచి, అందు పేరుకొనిన మలిన పదార్థమును, ముడిపడిన తంతువులను ఆ యేడే విద్వత్సభలో వివరించెను. మెదడులో జ్ఞాపకమునకు ద్వారమువంటి హిప్పోకాంపస్ అను చిన్న భాగము ముందుగా క్షీణించును గనుక నిన్నటి మాట పోయి చిన్ననాటి మాట మిగులును. మన దేశమున అరువది యేండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉన్నట్లు 2023లో ప్రకటితమైన అఖిల భారత పరిశీలన అంచనా వేసినది. పురుషులకంటె స్త్రీలలోను, పట్టణములకంటె పల్లెలలోను ఇది ఎక్కువగా కనబడినది.

పల్లెలలో దీనిని గుర్తించుట ఏమాత్రము సులభము కాదు. విదేశములలో పుట్టిన పరీక్షలు కాగితముమీద గడియారము గీయుమనును, నూటినుండి ఏడేడు తీసివేయుమనును, వాక్యము వ్రాయుమనును. పలక పట్టని రైతు ఆ పరీక్షలో తప్పుట అతని మెదడు దోషము కాదు, పరీక్ష దోషము. హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామీణుల కొరకు హిందీలో ఒక పరీక్షను మలచి 1995లో ప్రకటించుట ఈ దిశలో తొలి ప్రయత్నములలో నొకటి. తెలుగునాట ఈ కృషి హైదరాబాదు పంజాగుట్టలోని నిజామ్ వైద్యవిజ్ఞాన సంస్థలో జరిగినది. అచటి జ్ఞాపకశక్తి చికిత్సా విభాగమునకు 2006 మొదలు 2012 వరకు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగులను డాక్టర్ సువర్ణ అల్లాడియు ఆమె సహచరులును పరిశీలించి 2013లో ఫలితమును ప్రకటించిరి. ఒక్క భాషయే మాట్లాడువారికంటె రెండు లేక అంతకుమించిన భాషలు మాట్లాడువారికి వ్యాధి నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా పొడసూపినది. చదువురాని వారిలో ఈ వ్యత్యాసము ఆరేండ్లు! బడి చదువు వలన కలిగిన లాభము కాదు గదా అన్న శంకకు ఇదియే సమాధానము. ఇంట తెలుగు, అంగడిలో ఉర్దూ, కచేరీలో మరియొక భాష మాట్లాడుచు బ్రదికిన హైదరాబాదు పరిసర ప్రజలు తమకు తెలియకుండగనే మెదడునకు నిత్యము సాము చేయించుచుండిరన్నమాట. అయితే ఇది వ్యాధిని వెనుకకు జరిపినదే కాని తప్పించినదని ఎవరును చెప్పలేదు.

ఇక ముందెరుక మాట. మరపు స్ఫుటముగా కనబడుచు, పరీక్షలలో కొంత లోపము తేలుచు, దైనందిన కార్యములు మాత్రము చక్కగా చేసికొనుచున్న దశను వైద్యులు స్వల్ప మేధాలోపమని వేరుగా గుర్తించిరి. ప్రత్యేక వైద్యశాలలకు వచ్చిన ఇట్టివారిలో ఏటా నూటికి పది మొదలు పదునైదుగురు డిమెన్షియాకు లోనగుదురు. ఊళ్ళలో ఇంటింటికి తిరిగి చూచినప్పుడు ఈ సంఖ్య అంతకంటె తక్కువ. పలు పరిశీలనలను కలిపి చూడగా ఇట్టివారిలో సుమారు నాలుగవ వంతు మంది తిరిగి మామూలు స్థితికి వచ్చిరి. పరీక్షలలో ఏ లోపమును తేలక, మరచుచున్నానని మనసున బాధ మాత్రమే ఉన్నవారిలో డిమెన్షియాకు పోవువారు ఏటా నూటికి ఇద్దరు చొప్పుననే. పిదప మెదడు చిత్రములు, వెన్నెముక ద్రవపరీక్షలు వచ్చినవి. 2025 మే నెలలో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ మొదటిసారిగా ఒక రక్తపరీక్షకు అనుమతినొసగినది. ఏబదియైదేండ్లు దాటి, మరపు లక్షణములు కలిగి, నిపుణుని వద్దకు వచ్చినవారికే అది ఉద్దేశింపబడినది. ఏ బాధయు లేనివారు వేడుకకు చేయించుకొనునది కాదు. ఆ రక్తపరీక్షయు మెదడులో మలినము పేరుకొనుటకు ఆనవాలు నిచ్చునే కాని, ఫలానా మాసమున ఫలానా మనిషి కుమార్తె ముఖమును గుర్తింపడని చెప్పజాలదు.

ఈ ప్రశ్న తలెత్తగానే భాగవతము చదివినవారికి పరీక్షిన్మహారాజు స్ఫురించును. శమీక మహర్షి కుమారుడైన శృంగి శాపమున ఏడవనాడు తక్షకుని కాటుచే మరణము తప్పదని తెలిసిన తోడనే ఆ రాజు రాజ్యమును విడిచి గంగాతీరమున కూర్చుండి, మరణింపబోవువాడు చేయదగిన దేమని శుకయోగిని అడిగెను. ఖట్వాంగ మహారాజునకు మిగిలినది ఒక్క ముహూర్తమే. ఆ ముహూర్తము ఆయనకు చాలినది. ముందెరుక వలన కీడు లేదు, మేలే కలదని ఈ కథలను చూపి వాదింపవచ్చును. పలువురు ప్రవచనకారులు చెప్పునదియు ఇదియే.

ఆ పోలిక సగమే నిలుచును. పరీక్షిత్తునకు తెలిసినది నిశ్చయము. ముని కుమారుని వాక్కున నూటికి పదునైదు అను లెక్క లేదు. స్వల్ప మేధాలోపము కలవానికి వైద్యుడు చెప్పగలిగినది సంభావ్యత. ఏడవనాడు తక్షకుడు రానూవచ్చును, రాకపోనూవచ్చును, ఎనిమిదేండ్ల తరువాత వచ్చినను రావచ్చునని పరీక్షిత్తుతో చెప్పి యుండినచో ఆయన గంగాతీరమునకు పోయి యుండునా, లేక ప్రతిదినమును సర్పభయముతో పరుపు దులుపుకొనుచు మేడలో గడపి యుండునా? ఈ తేడాను మరచి, రావచ్చు ననవలసిన చోట వచ్చు నని చెప్పుట అసత్యము. పరీక్షాఫలమును చేతబట్టుకొని నీకు మతి పోవునని తీర్పు చెప్పినవాడు తెలియని దానిని తెలిసినట్లు పలికిన దోషమునకు గురియగును. దానిని విని ఇరుగుపొరుగునకు చాటిన బంధువు దోషము అంతకు రెట్టింపు.

తెలిసికొనకుండుటకు స్వాతంత్ర్యము లేదా? డి.ఎన్.ఏ. నిర్మాణమును కనుగొన్నవారిలో ఒకరైన జేమ్స్ వాట్సన్ 2007లో తన జన్యుపటము నంతయు లోకమునకు వెల్లడించెను. ఒక్క జన్యువును మాత్రము తనకును తెలుపవలదనెను. అది అల్జీమర్స్ ప్రమాదమును సూచించు ఏపీఓఈ అను జన్యువు. ఆయన మాతామహీ పితామహీలలో ఒకరు ఆ వ్యాధికి గురియైరి. జన్యువుల రహస్యమును లోకమునకు విప్పిచెప్పినవాడే తన విషయమున ఆ ఒక్క పుటను మూసియుంచుమనెను. దానిని పిరికితనమనుట తగదు. ఆ జన్యువు ఒక్కని సొత్తు కాదు, కన్నబిడ్డలకును సంక్రమించునది. తండ్రి తన ఫలితము తెలిసికొన్నచో, అడుగని సంతానమునకును ఆ వార్త కొంత అందినట్లే. మరియొక ప్రక్క చూడగా, తలిదండ్రులకు అల్జీమర్స్ వచ్చిన 162 మంది వయోజనులపై అమెరికాలో జరిగి 2009లో ప్రకటితమైన పరిశీలనలో, ఆ జన్యుఫలితము విన్నవారు విననివారికంటె ఏడాదిలో ఎక్కువ దిగులునకు లోను కాలేదు. అయితే వారందరు కోరి వచ్చినవారు. ముందును వెనుకను ఓపికగా నచ్చజెప్పు మనుష్యులు వారికుండిరి. కోరనివానికి, కూర్చుండబెట్టి చెప్పు తీరిక లేని చోట చెప్పినచో అదే ఫలితము వచ్చునని అనుకొనరాదు. కోరి అడిగినవానికి చెప్పవలెను. వద్దన్నవానిని బలవంతపెట్టరాదు.

మన ఇండ్లలో జరుగునది ఈ రెండును కాదు, మూడవది. తండ్రిని వరండాలో కూర్చుండబెట్టి, వైద్యుడు కుమారుని లోనికి పిలిచి చెప్పును. కుమారుడు బయటకు వచ్చి, ఏమియు లేదు నాయినా, బలమునకు మాత్రలు వ్రాసినాడనును. ప్రేమ చేతనే ఇట్లు చేయుదురు. సత్యమును ప్రియముగాను హితముగాను పలుకవలెనని భగవద్గీత పదునేడవ అధ్యాయమున వాక్తపస్సును నిర్వచించినది. ప్రియము కొరకు సత్యమును దాచుటకు అందు అనుమతి లేదు. చెప్పు తీరును మార్చుకొనుమన్నదే కాని చెప్పకుమనలేదు. పోబోవునది తండ్రి స్మృతి. ఆ సంగతి ఎరుగుటకు మొదటి హక్కు ఆయనదే. కుమారునకు తెలిసి, కోడలికి తెలిసి, అల్లునకు తెలిసి, ఆయనకు మాత్రమే తెలియకుండుట వలన ఇంటిలోని మాటలన్నియు ఆయన రాగానే ఆగిపోవును. మరచువాడు మూఢుడు కాడు. తన వెనుక ఏదియో జరుగుచున్నదని గ్రహించుటకు కావలసిన బుద్ధి అతనికి చాలకాలము మిగిలియే యుండును.

అసలు పరీక్షకే పోవక మిన్నకుండుట మేలనువారును కలరు. మందులేని రోగమునకు పేరు పెట్టించుకొననేల అని వారి వాదము. ఈ వాదము సగము వరకే చెల్లును. మతిమరుపుతో వచ్చినవారిలో కొందరికి ఉన్నది డిమెన్షియా కానేకాదు. థైరాయిడ్ మాంద్యము, మనోవ్యాకులత, నిద్రకును అలర్జీకిని ఏండ్ల తరబడి మ్రింగు మాత్రలు, తలకు దెబ్బ తగిలి లోపల పేరుకొనిన రక్తము, వినికిడి తగ్గుట, ఇవన్నియు మరపు వేషమున వచ్చును. వైష్ణవ గృహములు ప్రత్యేకముగా గమనింపవలసినది విటమిన్ బి-12 లోపము. అది మాంసాహారమునందును, పాలు పెరుగులయందును మాత్రమే సహజముగా లభించును. నియమముగా శాకాహారమే భుజించుచు, వయసు మీరి పాలు అరగక మానివేసిన వృద్ధులలో అది తగ్గిపోయి తిమ్మిరులు, తడబాటు, మరపు కలుగును. కాలము మించకముందే కనిపెట్టినచో సూదిమందుతోనో మాత్రతోనో సరిపడును. ఉపవాసములు చేయు వృద్ధ స్త్రీల విషయమున ఇంటివారు దీనిని మరువరాదు. కొద్దిపాటి రక్తపరీక్షతో తేలిపోవు దానిని, వృద్ధాప్యమని తలవ్రాతయని విడిచిపెట్టుట వైరాగ్యమనిపించుకొనదు.

నిజముగా అల్జీమర్సే అయినను చేయదగినది శూన్యము కాదు. మెదడులోని మలినమును తొలగించు లెకానిమాబ్ అను మందును తొలిదశలో నున్న 1795 మందిపై పరీక్షింపగా పదునెనిమిది నెలలలో క్షీణత సుమారు నూటికి 27 వంతుల మేర మందగించినట్లు 2022లో తేలినది. ఆ మందు వ్యాధిని ఆపలేదు. మెదడులో వాపు, రక్తస్రావము కలుగు ప్రమాదమున్నది. రెండు వారముల కొకమారు సిరలోనికి ఎక్కించుచు, నడుమ నడుమ మెదడు చిత్రములు తీయుచుండవలెను. పల్లెవాసి అందుకోలేని వ్యవహారమిది. అందరికిని అందునది వేరొకటి. జీవితము పొడవున సరిదిద్దదగిన పదునాలుగు కారణములను తొలగింపగలిగినచో లోకమున డిమెన్షియాలో సుమారు నూటికి 45 వంతులు తప్పుటయో ఆలస్యమగుటయో జరుగవచ్చునని లాన్సెట్ నిపుణుల మండలి 2024లో తెలిపినది. రక్తపుపోటు, మధుమేహము, పొగత్రాగుట, మద్యము, చెవుడు, చూపు తగ్గుట, ఒంటరితనము వాటిలోనివే. చెవిటి తండ్రికి వినికిడి యంత్రము కొనియిచ్చుట, కంటి పొర తీయించుట, సాయంకాలము నలుగురితో భజనకు పంపుట వైద్యములే.

యాచారము వంటి చోట ఈ విషయమునకు మరియొక ముఖము కలదు. హైదరాబాదు విస్తరించుచున్న కొలది ఆ మార్గమున భూమి వెల పెరిగినది. మతి సడలిన పెద్దమనిషి వేలిముద్ర ఎంత విలువైనదో కొందరు బంధువులకు వైద్యునికంటె ముందు తెలియును! 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము ఒప్పందము చేయువానికి ఆ సమయమున చిత్తస్వాస్థ్యము ఉండవలెను; సాధారణముగా మతిలేనివాడు సైతము మతి నిలకడగా నున్నవేళ చేసినది చెల్లును. వృద్ధులు తమ్ము పోషించు షరతుపై ఆస్తి నిచ్చి, పుచ్చుకొన్నవారు పోషింపనిచో, ఆ దానము చెల్లదని ప్రకటించు అధికారమును 2007 నాటి తలిదండ్రుల పోషణ చట్టము ట్రిబ్యునలునకు ఇచ్చినది. అయితే ఆ షరతు ఉండవలెనన్న మాటను వ్రాయించుకొనువారు మరువరాదు. స్మృతిలోపమును సైతము తన పరిధిలో చేర్చుకొనిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, తన బుద్ధి తనకు ఉన్నపుడే తనకెట్టి చికిత్స కావలెనో, ఎట్టిది వలదో, తన తరఫున ఎవరు నిర్ణయింపవలెనో ముందుగా వ్రాసియుంచుకొను హక్కును ప్రతి వయోజనునకు ఇచ్చినది. ముందెరుక లేనివానికి ఈ హక్కు ఉన్నను లేనట్లే. తండ్రికి చెప్పకుండ దాచిన కుమారుడు ఎంత సజ్జనుడైనను ఈ అవకాశమును ఆయన చేతినుండి తీసికొన్నవాడే అగును.

ఇంతవరకు చెప్పినది లౌకికము. భక్తుని హృదయమున దీనికంటె లోతైన భయమొకటి యుండును. అంతకాలమున ఎవడు దేనిని స్మరించుచు దేహము విడుచునో వాడు దానినే పొందునని గీత ఎనిమిదవ అధ్యాయము చెప్పుచున్నది. లేడిపిల్లను తలచుచు ప్రాణము విడిచిన భరతుడు లేడియై పుట్టెను. మరి తన పేరే మరచినవాడు ఏమగును? అరువదియేండ్లు సహస్రనామము చెప్పి, చివరి రెండేండ్లు ఒక్క నామమును పలుకలేని వాని గతి యేమి? ధర్మపురి శేషప్ప కవి తన నరసింహ శతకమున ఈ భయమునే వెలిబుచ్చి, అంత్యకాలమున ఏమగునో యని ముందుగనే నామభజన చేసెను. ఆళ్వారులలో పెరియాళ్వారు సైతము శ్రీరంగనాథుని ఎదుట అట్టి విన్నపమునే ముందుగా సమర్పించెను. ఇరువురును దినము గడచుట కొరకు వేచియుండలేదు.

ఈ భయమునకు శ్రీవైష్ణవ సంప్రదాయమున నేరుగా సమాధానము కలదు. వరాహ మూర్తియైన స్వామి భూదేవితో పలికినదిగా వరాహ చరమశ్లోకమని పెద్దలు ఆదరించు వచనము నిత్యానుసంధానములోనిదే. శ్రీ వేదాంత దేశికులు దానికి వ్యాఖ్యగా రహస్యశిఖామణి అను గ్రంథమునే రచించిరి. దేహమును మనస్సును స్వస్థముగా నున్నవేళ భక్తుడు తన్ను స్మరించినచో, తరువాత అతడు కట్టెవలె రాతివలె పడియున్నప్పుడు తానే అతనిని స్మరించి పరమపదమునకు చేర్చుదునని స్వామి ఆ వచనమున మాటయిచ్చెను. భక్తియోగము నవలంబించినవానికి అంతిమ స్మృతి తన ప్రయత్నముననే రావలసియుండగా, శరణాగతునికి ఆ భారము లేదనియు, అది స్వామిదే యనియు ఆచార్యులు వివరించిరి. లేడియైన భరతునకు సైతము పూర్వజన్మ జ్ఞానము పోలేదు కదా. అనుష్ఠించినది వృథా కాదనుటకు ఆ కథయే సాక్ష్యము. తన పేరు మరచినవాని పేరును మరువనివా డొకడున్నాడన్న మాట డిమెన్షియా రోగి శయ్య చెంత కూర్చున్న ఇల్లాలికి ఇచ్చు ఊరట మరి దేనివలనను రాదు.

అయితే అన్నియు స్వామియే చూచుకొనును గనుక మరపును గూర్చి ముందుగా నెరుగనవసరము లేదని ఈ వచనమునుండి సారము తీయుట పొరపాటు. ఆ వచనము స్వస్థముగా నున్నవేళను గూర్చియే మొదలగుచున్నది. రెండవ సగములోని పని స్వామిది, మొదటి సగములోని పని మనుష్యునిది. ఆ మొదటి సగము ఇంక ఎంత మిగిలియున్నదో రమారమిగనైనను తెలిసికొనుట శరణాగతికి విరుద్ధము కాదు. యాత్రకు పోవువాడు సాయంకాలము బస్సు ఎప్పుడో విచారించుట దైవముపై అవిశ్వాసమా?

ముందెరుక వలన మేలు కలుగవలెనన్నచో ఇంటివారికి ఒక నిగ్రహము కావలెను. స్వల్ప మేధాలోపమని వైద్యుడు పలికిన మరునాటినుండి పెద్దాయన చేతినుండి తాళపుచెవులు తీసికొందురు, పంచాయతీకి పిలువరు, భజన మందిరమున పారాయణము మరియొకనికి అప్పగింతురు. ఇంకను పోని దానిని పోయినట్లు పరిగణించుట ఇది. రాదగిన నష్టము వచ్చునో రాదో. వీరు తెచ్చిపెట్టిన నష్టము మాత్రము ఆనాడే వచ్చినది. పని లేక, పలుకరించువారు లేక కూర్చున్నవాని మతి మరింత వేగముగా సడలుట వైద్యులెరిగినదే. ఒక శ్లోకము జారినచో ప్రక్కనున్నవాడు అందించుటలో గోష్ఠికి కలిగిన లోపమేమి? గోష్ఠి యన్నదే అందుకొరకు ఏర్పడినది. బావికడ జారకుండ పట్టుకొనుట, పొయ్యి ఆర్పినదీ లేనిదీ చూచుట, రాత్రి లేచి తలుపు తీయబోవువానిని మాటలతో మరల్చి పండుకొనబెట్టుట, ఇవన్నియు చివరకు ఇంటి ఆడువారి పాలబడును. ఊరిపెద్దలు దీర్ఘముగా చర్చించు ధర్మసందేహములో ఆ కోడలి నిద్ర లెక్కకు రాదు. ముందెరుక ఎవరికైనను నిజముగా ఉపయోగపడవలెనన్నచో, ఆమెకు సాయముగా ఎవరుందురో ముందుగనే అన్నదమ్ములు కూర్చుండి తేల్చుకొనుటకు ఉపయోగపడవలెను.

యాచారపు గృహస్థు కడకు పట్నమునకు ప్రయాణమైనాడని తలంతము. తెల్లవారుజామున బస్సు ఎక్కుచు కుమారునితో ఆయన చెప్పునది రెండే మాటలు కావచ్చును: "డాక్టరు ఏం చెప్పినా నా ముందటనే చెప్పుమను. శనివారం వరకు మళ్ళ ఊరికి రావాలె, పారాయణం ఉన్నది." కుమారుడు సరేనన్నాడు. ఇబ్రహీంపట్నము చెరువుకట్ట దాటువరకు ఆయన పెదవులు కదలుచునే యుండినవి. నడుమ ఒకచోట ఆగి, కుమారుని వైపు చూచెను. తరువాతి నామమును కుమారుడు అందించెను.